నీలవేణి గీసిన మొదటి గీత

ఎవరైనా మెచ్చుకుంటే నీలవేణి లేచి వెళ్లిపోయేది. విజయనగరం పొలిమేర దాటాక వచ్చే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఎలక్ట్రానిక్స్ చెప్పేది, నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్టాఫ్‌రూములో మావి ఎదురెదురు బల్లలు. మధ్యాహ్నం కారియర్లు విప్పి కూరలు మార్చుకునేవాళ్లం. కొత్తగా చేరిన వాళ్లెవరైనా వచ్చి, మీ పరిశోధన గురించి అప్పట్లో దినపత్రికలో చదివామండీ అంటే చాలు, ఆవపెట్టిన అరటికాయ కూర నోట్లో ఉండగానే చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయేది. నేను దాన్ని అణకువ అనుకున్నాను. అది సిగ్గని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇదంతా రాస్తానంటే ఆమె వద్దనలేదు. "నా పేరు మార్చకండి మేడమ్. ఎర్రన్న పేరు మాత్రం అతన్ని అడిగి పెట్టండి" అంది. అడిగాను. ఒకప్పుడు ల్యాబ్‌లో ఆమెతో పనిచేసిన ఆ మనిషి పెట్టుకోమన్నాడు.

నీలవేణిది శృంగవరపుకోట అవతల, కొండల మొదట్లో ఉన్న రైతు పల్లె. తండ్రి జగన్నాధానికి కింద కొంచెం వరిమడి, పైన మెట్టలో గోగు, చోడి, ఇంకా పైన జీడితోట. ఆయన చదువుకోలేదు గాని కూతురి చదువు గురించి ఎవరికైనా చెప్పగలిగేవాడు. కోట సంతలోనైనా, కొత్తవలస స్టేషన్లోనైనా, పక్కన కూర్చున్న మనిషి ఎవరైనా సరే, మా నీలవేణి వెలుతురుని పట్టుకుంతాది అని మొదలుపెట్టేవాడు.

ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది ఆమే. అవలాంచ్ ఫొటోడయోడ్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని ఇంటి వెనకాల కొండను చూపించి చెప్పింది. పైనుంచి ఒక రాయి దొర్లితే అది దారిలో మరో రాయిని కదుపుతుంది. ఆ రెండూ ఇంకో రెండింటిని కదుపుతాయి. కిందికి చేరేసరికి అదొక గుట్ట అవుతుంది. డయోడ్ లోపల జరిగేదీ అంతే. ఎక్కడో దూరాన్నుంచి గాజు తీగలో వచ్చిన మసక వెలుతురు ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. లోపలున్న బలమైన విద్యుత్తుకు అది పరుగెత్తి మరికొన్నింటిని విడిపిస్తుంది. కంటికి ఆనని వెలుతురు కూడా అలా కొలవదగ్గ కరెంటవుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఒకసారి ఒక రాయి వెంట ఇరవై రాళ్లు పడతాయి, ఇంకోసారి ఐదే పడతాయి. ఆ నిలకడలేనితనాన్ని వాళ్లు నాయిస్ అంటారు. రెప్పపాటులో కోట్ల మెరుపులు వచ్చిపడే చోట ఏది సందేశమో, ఏది వట్టి అలజడో తేలాలంటే డయోడ్ వేగంగా పనిచేయాలి, నాయిస్ తక్కువ చేయాలి. ఈ రెండూ ఒకేదానిలో కుదరడం కష్టం. దేశదేశాల్లో చాలామంది దాని మీద కుస్తీ పడుతున్నారు. మా కాలేజీలో గణపతిరావు గారు పడుతున్నారు. నీలవేణి ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరింది.

జగన్నాధం అంతా విని, అయితే దొర్లుడు ఆగకూడదు, అదుపూ తప్పకూడదన్నమాట అన్నాడట. గణపతిరావు గారికి ఆ మాట చెబితే చాలా సంతోషించారు.

ల్యాబ్ చిన్నది. డయోడ్లను బెంగుళూరులో ఒక పరిశోధనశాల వాళ్లు తయారుచేసి పంపేవారు. ఒక్కొక్కటీ ఆవగింజ కంటే చిన్నది. వాటి గుణాలు కొలవడం ఇక్కడి పని. కొలిచేవాడు ఎర్రన్న. కళింగపట్నం దగ్గర సముద్రపు వేట మీద బతికే పల్లె వాళ్లది. తల్లి కూర్మమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్మేది. ఎంటెక్ చేసి, నీలవేణి కంటే ఏడాది వెనక ల్యాబ్‌లో చేరాడు. మైక్రోస్కోపులోంచి చూస్తూ, వెంట్రుకలాంటి సూదిమొనను డయోడ్ మీద ఆనించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. అతని చెయ్యి వణకడం ఎవరూ చూడలేదు. అతను కొలిచి ఇచ్చిన అంకెలతో నీలవేణి లెక్క కట్టేది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవాళ్లు కాదు. ఒకరినొకరు అంతగా నమ్మారు.

తప్పు జరిగింది లెక్కలో. రాళ్లు ఎన్ని రెట్లయ్యాయో చెప్పాలంటే మొదట ఎన్ని ఉన్నాయో తెలియాలి. దేన్ని ఒకటి అనుకోవాలో ముందు తేల్చుకోవాలి. డయోడ్‌కు వోల్టేజి పెంచుకుంటూ పోతే కరెంటు కొంత పెరిగి, ఒక మెట్టు మీద నిలబడుతుంది. మళ్లీ పెరిగి ఇంకో మెట్టు మీద కాసేపు ఆగుతుంది. ఆ తరవాతే దొర్లుడు మొదలవుతుంది. మొదటి మెట్టు దగ్గర, వెలుతురు విడిపించిన ఎలక్ట్రాన్లన్నీ ఇంకా బయటికి రావు, కొన్ని లోపలే చిక్కుకుని ఉంటాయి. రెండో మెట్టు దగ్గర అన్నీ వస్తాయి. అక్కడ గీత గీసి, ఇది ఒకటి అనుకుని, అక్కణ్ణుంచి రెట్లు లెక్కపెట్టాలి. నీలవేణి గీతను మొదటి మెట్టు దగ్గర గీసింది. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తల దగ్గర గోడ మీద గీత పెట్టి, ఆనక వాడు లేచి నిలబడితే ఎంత ఎదిగిపోయాడో చూడండి అన్నట్టయింది. పది రెట్లు పెరిగినది పాతిక రెట్లుగా కనిపించింది. పాతిక రెట్లు పెరిగినా నాయిస్ ఇంతేనా అని చూసినవాళ్లు ఆశ్చర్యపోయేలా కనిపించింది.

తెలిసి చేశావా అని నేను అడిగాను. ఆమె ఇలా చెప్పింది. "రెండో మెట్టు నాకు కనిపించింది మేడమ్. చాలా పొట్టిగా ఉంది. కొలతలో ఏదో వంకరనుకున్నాను. అలా అనుకుంటే ఫలితం బాగా వచ్చింది. బాగా వచ్చాక మళ్లీ అటు చూడలేదు."

పరిశోధన పత్రం మంచి పత్రికలో అచ్చయింది. గణపతిరావు గారు డిపార్ట్‌మెంటు అంతటికీ జీడిపప్పు పాకం పంచారు. జిల్లా పేజీలో ఫొటోతో వార్త వచ్చింది. రాసిన విలేకరి ఫొటోడయోడ్ అంటే ఏమిటో తెలుసుకునే ఓపిక లేక, మన జిల్లా అమ్మాయి ఇంటర్నెట్ వేగం పెంచే పరికరం కనిపెట్టింది అని రాసేశాడు. ఆ వార్తను చూసి ఎర్రన్న, నీలవేణి కడుపుబ్బ నవ్వుకున్నారు. అప్పటికి నవ్వుకోవడానికి అడ్డేమీ లేదు.

కొన్నాళ్లకు బెంగుళూరు వాళ్ల నుంచి కబురు వచ్చింది. మీకు పంపిన డయోడ్లను ఏ పలక నుంచి కోశామో దాన్నుంచే కోసిన మరికొన్నింటిని తామూ కొలిచామని, మీరు చెప్పినంత తక్కువ నాయిస్ రావడం లేదని, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని మర్యాదగా రాశారు. గణపతిరావు గారు ఇద్దరినీ తన గదిలోకి పిలిచారు. ఆయన మనిషి మంచివారే, కోపం వస్తే మాత్రం నోటికి హద్దుండదు. బెంగుళూరు వాళ్ల అంకెలు ఒక్కొక్కటీ చదువుతున్నారు. పది రెట్ల దగ్గర వాళ్లకు వచ్చిన నాయిస్ ఆయన చదవగానే నీలవేణి పోల్చుకుంది. తాను పాతిక రెట్లని రాసిన చోట ఉన్న నాయిస్‌కు అదే సరిపోతుంది. పదిని పాతికగా మార్చే తప్పు ఒక్కచోటే సాధ్యం. ఆ పొట్టి మెట్టు ఆమె కళ్ల ముందు కదిలింది.

నోరు తెరిచేలోపు ఎర్రన్న మాట్లాడాడు. "లెక్కలో తప్పుండదు సార్. నీలవేణి రెండేసిసార్లు సరిసూస్తాది. నా సెటప్‌లోనే ఏదో ఉన్నాది."

గణపతిరావు గారు కళ్లజోడు తీసి అతనివైపు చూశారు. "అయితే ముందు నీ చేతులు సరిచేసుకో. పరువు తీశావు" అన్నారు. తలుపు తెరిచే ఉంది. బయట ఎంటెక్ పిల్లలు విన్నారు.

నీలవేణి ఏమీ అనలేదు. థీసిస్ సమర్పించే రోజులవి. కాలేజీలో ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోంది. ఇంట్లో తండ్రి ఆ వార్తను అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఇవన్నీ కారణాలని తరవాత చెప్పుకుంది గాని, ఆ నిమిషాన ఇవేవీ ఆలోచించలేదట. భయం వేసింది, అంతే. రేపు చెబుదామనుకుంది. మర్నాడు మరీ కష్టమైంది. నిన్ననే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా తోడైంది మరి.

ఆ వేసవి అంతా ఎర్రన్న తన తప్పు తాను వెతుక్కున్నాడు. సెటప్ మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. కేబుళ్లు మార్చాడు. ఎక్కడి నుంచైనా బయటి వెలుతురు చొరబడుతోందేమోనని నల్లగుడ్డ మీద నల్లగుడ్డ కప్పాడు. ఫ్యాను గాలికి గాజు తీగ కదులుతోందేమోనని ఫ్యాను ఆపేసి, రోహిణి ఎండల్లో చొక్కా ఒంటికి అంటుకుపోతుంటే కొలిచాడు. ఎన్నిసార్లు కొలిచినా అవే అంకెలు వచ్చాయి. వస్తాయి మరి, అవి సరైనవి. సరైన అంకెలను చూసి ఆ మనిషి బెంబేలెత్తిపోయాడు. "ఎన్నిసార్లయినా ఇదే వస్తన్నాది నీలవేణీ. మరి తప్పెక్కడున్నట్టు?" అని అడిగేవాడు. "సూద్దాంలే" అనేది ఆమె. ఆ మాట ఎలా వచ్చిందో తన నోటికి అని ఇప్పటికీ అనుకుంటుంది.

ఆ వేసవిలోనే ఆమె ఊళ్లో సన్మానం పెట్టారు. వద్దని ఎంత చెప్పినా జగన్నాధం వినలేదు. స్కూలు ఆవరణలో షామియానా వేశారు. సర్పంచి శాలువా కప్పాడు. ఎర్రన్న కూడా వచ్చాడు. పని వదిలి ఒక పూటైనా బయటికి రమ్మని తోటివాళ్లు బలవంతపెడితే వచ్చాడు. వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. జగన్నాధం పక్కన కూర్చుని దగ్గరుండి వడ్డింపించాడు. నువ్వూ మా నీలవేణిలాగ పైకి రావాలి బాబూ అన్నాడు. ఎర్రన్న నవ్వి, తాను తీగలు కలిపేవాణ్ణేనని, లెక్కంతా ఆమెదేనని, తన వల్లే ఇప్పుడు ఆమె పనికి మాట వచ్చిందని చెప్పాడు. జగన్నాధం అతని భుజం తట్టి, తప్పులు అందరూ చేస్తారులే అన్నాడు. నీలవేణి నెయ్యి తేవడానికి లోపలికి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. తల్లి వచ్చి ఏమైందని అడిగితే, పొగ కళ్లలో పడిందని చెప్పింది. ఆ ఇంట్లో పొయ్యి పోయి గ్యాసు వచ్చి ఏళ్లయింది.

వానలు పడ్డాక ఎర్రన్న మానేశాడు. గణపతిరావు గారు అప్పటికి చల్లబడ్డారు. బెంగుళూరు వాళ్లకు, డయోడ్‌కీ డయోడ్‌కీ తేడా ఉండొచ్చని ఏదో సర్దిచెప్పి రాశారు. ఉండిపొమ్మని ఎర్రన్నకు చెప్పి చూశారు. అతను వినలేదు. ల్యాబ్ తాళం నీలవేణి బల్ల మీద పెట్టి, "నా సేతులు ఈ పనికి కావు. ఇంకొకరి పని పాడుసెయ్యలేను" అన్నాడు. వాకిట్లోకి వెళ్లి చెప్పులేసుకుంటుంటే ఆమె కిటికీలోంచి చూసింది. పిలవొచ్చు. పిలిస్తే తిరిగి చూసేవాడు.

ఆమెకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. నాకు పరిచయమైంది ఆ తరవాతే. చాలా శ్రద్ధగా పాఠం చెప్పేది. కాలేజీ తరఫున మంచి ఉపాధ్యాయురాలి బహుమతికి పేరు పంపుతామంటే ఒప్పుకోలేదు. ఎర్రన్న భోగాపురం దగ్గర ఒక రొయ్యపిల్లల హేచరీలో మోటార్లూ జనరేటర్లూ చూసుకుంటున్నాడని ఎవరో చెబితే విని, ఆ దారిన పోవలసి వచ్చినప్పుడల్లా బస్సులో కిటికీ పక్క సీటు మాని ఇవతల కూర్చునేదట. అదంతా నాకు తరవాత చెప్పింది.

మూడేళ్ల కిందట ఆమె దగ్గర పరిశోధనకు శ్రావణి అని గరివిడి అమ్మాయి చేరింది. చురుకైన పిల్ల. ఆ పాత పత్రాన్ని చదివి, దాని మీదే ముందుకు పోతానంది. నీలవేణి వేరే విషయం చూసుకోమని రెండు మూడు సార్లు చెప్పింది గాని కారణం చెప్పలేకపోయింది. మీ పనే నేను కొనసాగిస్తాను మేడమ్ అని ఆ పిల్ల పట్టుబట్టింది. నెలల తరబడి కొలిచింది. పత్రంలో ఉన్న ఫలితం రాలేదు. ఎలా వస్తుంది? ఒకరోజు నేను స్టాఫ్‌రూములోనే ఉన్నాను. శ్రావణి వచ్చి నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది. "మీకు వచ్చింది నాకు రావట్లేదు మేడమ్. నా చేతులే సరిగా లేవనుకుంటాను. మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకుంటాను" అంది.

నీలవేణి ఎదురుగా కుర్చీ లాగి, కూర్చోమని, నా ముందే చెప్పింది. నీ చేతుల్లో తప్పు లేదు, నా లెక్క తప్పు, గీత ఎక్కడ గీయాలో అక్కడ గీయలేదు అని కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. శ్రావణి బొమ్మ చూసి, ఇది మీకెప్పుడు తెలిసింది మేడమ్ అని అమాయకంగా అడిగింది. నీలవేణి పెన్నుకు మూత పెట్టి తల దించుకుంది. ఆ పిల్లకు అర్థమైంది. పుస్తకాలు తీసుకుని మెల్లగా లేచి వెళ్లింది. ఒక గురువు వైపు శిష్యురాలు అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు. కోపం కాదు, ఏదో పోగొట్టుకున్నట్టు చూసింది.

ఆ సాయంత్రమే నీలవేణి గణపతిరావు గారింటికి వెళ్లింది. ఆయన రిటైరై కంటోన్మెంటు వైపు ఉంటున్నారు. ఆమె జరిగిందంతా చెప్పింది. ముందు, ఇన్నేళ్లయింది, ఎవరూ అడగడం లేదు, ఇప్పుడు కదిపితే నీకూ నాకూ కాలేజీకీ పరువు నష్టమే కదా అన్నారు. శ్రావణి సంగతి చెప్పింది. అప్పుడు ఆయన చాలాసేపు వాకిట్లో పచార్లు చేసి వచ్చి, పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఇద్దరి పేరునా రాద్దామన్నారు. "వాణ్ణి నేనేమన్నానో నాకు గుర్తుంది. తలుపు తెరిచి ఉండగా అన్నాను" అన్నారు. తానూ ఆ గ్రాఫు చూశానని, రెండో మెట్టు తన కంటికీ పడవలసిందని, పడకూడదనే పడలేదేమోనని కూడా అన్నారట.

తండ్రికి చెప్పడానికి ఆదివారం ఊరికి వెళ్లింది. జగన్నాధం జీడితోటలో రాలిన కాయ ఏరుతున్నాడు. పక్కన కూర్చుని తానూ ఏరుతూ చెప్పింది. ఆయనకు మెట్లూ గీతలూ పట్టలేదు. పట్టినది ఒక్కటే.

"ఆ గుంటడు మనింట్లో అన్నం తిన్నాడు కదే" అన్నాడు.

"తిన్నాడు."

"తప్పులు అందరూ సేస్తారులే అన్నాను నాను ఆడితోటి." ఏరిన కాయలు బుట్టలో పోసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీకంటే ముందు నాను ఎల్లాల ఆడి కాడికి. కానీ ముందు నువ్వే ఎల్లు" అన్నాడు. ఆ పూట ఆయన కూతురితో కలిసి భోంచేయలేదు. ఆకలి లేదన్నాడు. కొట్టినా బాగుండేదని నీలవేణి నాతో అంది.

భోగాపురానికి బస్సులో వెళ్లింది. నేను తోడు వస్తానన్నాను, వద్దంది. హేచరీ సముద్రం ఒడ్డునే ఉంది. వరసగా నీళ్ల తొట్లు, వాటిలోకి గాలి కొట్టే యంత్రాల హోరు, ఉప్పు వాసన. ఎర్రన్న ఆ బ్లోయర్లలో ఒకటి విప్పి దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు. నవ్వాడు కూడా. ఎలా ఉన్నావు, నాన్నగారు బాగున్నారా అని అడిగాడు. మోటార్ల చప్పుడుకు దూరంగా తీసుకెళ్లి స్టూలు వేశాడు. నీలవేణి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మొదటి మెట్టు, రెండో మెట్టు అనగానే అతనికి అర్థమైపోయింది. కళ్లు మూసుకుని ఏదో లెక్క వేసుకున్నట్టు పెదాలు కదిపాడు.

"పాతిక పదైనాది. అంతే కదా" అన్నాడు.

"అంతే."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

బస్సులో వచ్చినంతసేపూ ఈ ప్రశ్నకే ఆమె భయపడింది. ఈమధ్యే తెలిసిందని చెప్పడం ఎంత తేలికో, ఆ అబద్ధం ఎంత బాగా అతుకుతుందో కూడా దారిలో ఆలోచించింది. "ఆ రోజే. సార్ గదిలో ఆయన చదువుతుంటేనే" అంది.

ఎర్రన్న ఆ స్టూలు మీద తనే కూర్చున్నాడు.

"అయితే ఆ ఏసంగంతా నాను ఎతుకుతుంటే నువ్వు సూస్తా ఉన్నావు."

"ఉన్నాను."

"ఇంట్లో ఫ్యూజు ఏసినా మళ్లీ మళ్లీ సూసుకుంతాను ఇప్పటికీ. నా ఆడది నవ్వుతాది. ఎందుకలా అని అడుగుతాది. నా సేతులు నమ్మడానికి లేదని సెప్పేవోణ్ణి." అతని గొంతు పెరగలేదు. అదే ఆమెకు భరించరానిదైంది. క్షమించమంది. అతను అడ్డంగా తల ఊపాడు. "ఆ మాట నాకాడ లేదు ఇప్పుడు. అడక్కు" అన్నాడు. లేచి వెళ్లి బ్లోయర్ బిగించి, స్విచ్చి వేసి, అది తిరగడం విని వచ్చాడు. వచ్చాక మనిషి మాట మారింది. అప్పటిదాకా నువ్వన్నవాడు మీరన్నాడు.

"కొలతలు నావి తప్పు కావని రాయండి. అచ్చులో రావాలి మేడమ్. మా యమ్మకి సదివి ఇనిపించాలి. కొడుకు పనికిరాక ఒచ్చేసినాడని తట్ట దించిన ప్రతి గుమ్మంలోనూ సెప్పుకున్నాది ఆవిడ."

రాస్తానంది. ఇంకేమైనా చేయమంటావా అని అడగబోయి మానేసింది. అతను గేటు దాకా వచ్చాడు, బస్సు ఎన్నింటికో చెప్పి వెనక్కి వెళ్లిపోయాడు.

పత్రిక వాళ్లు పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. పొరపాటు జరిగింది అని ఒక్క ముక్కలో వేస్తామన్నారు. నీలవేణి ఒప్పుకోలేదు. కొలతలన్నీ సరైనవని, అవి ఎర్రన్న చేసినవని, తప్పు తన విశ్లేషణలోనే జరిగిందని విడిగా వేయాలని పట్టుబట్టింది. ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి వేశారు. యూనివర్సిటీ విచారణ కమిటీ వేసింది. డాక్టరేటు ఉంచారు గాని ఆ అధ్యాయం మళ్లీ రాయించారు. కొంతకాలం ఎవరికీ గైడుగా ఉండకూడదన్నారు. శ్రావణిని మరొకరికి అప్పగించారు. ఆ పిల్ల సరైన గీతతో మళ్లీ లెక్క కట్టింది. డయోడ్ మరీ అద్భుతం కాదు గాని మంచిదేనని తేలింది. అచ్చయిన ఆమె మొదటి పత్రంలో ఎర్రన్న పాత కొలతలు కూడా వాడుకుని, అతనికి కృతజ్ఞతలు చెప్పుకుంది. పత్రంలో పేరు కూడా కలుపుతామని ముందు అడిగింది. అతను వద్దన్నాడు.

కాలేజీలో కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. నీలవేణి వస్తుంటే మాటలు ఆగిపోయేవి. ఆమె తలవంచుకుని వచ్చి తన బల్ల దగ్గర కూర్చునేది. చెప్పేశావు కదా, ఇప్పుడైనా గుండె తేలికపడిందా అని నేనడిగితే, లేదంది. ఇదివరకు తనకొక్కదానికే తెలిసినది ఇప్పుడు అందరికీ తెలుసు, అంతే తేడా అంది. అయినా అన్నం సయిస్తోందని చెప్పింది. జగన్నాధం తనంతట తనే ఒకసారి భోగాపురం వెళ్లి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో కూతురికి చెప్పలేదు. మర్నాడు గోడ మీది అద్దంలోంచి ఆ వార్త తీసేసి, నీలవేణి కూతురి బొమ్మ పెట్టించాడు.

మొన్న శ్రావణమాసంలో నీలవేణి ఫోను మోగింది. ఎర్రన్న. హేచరీలో రొయ్యపిల్లలను గిన్నెతో ముంచి కంటితో లెక్కపెడుతున్నారని, గొట్టంలోంచి పోతుంటే వెలుతురుతో లెక్కపెట్టే పరికరం చేద్దామనుకుంటున్నానని చెప్పాడు. దానికి మామూలు ఫొటోడయోడ్ సరిపోతాదా మేడమ్ అని అడిగాడు. గొట్టం ఎంత లావు, నీళ్లు ఎంత వేగంతో పోతాయి, దీపం ఎంత దూరంలో పెడతావు అని ఆమె అడిగింది. అన్నీ చెప్పాడు. అవలాంచ్ డయోడ్ దండగ, మామూలుది చాలు, మురికినీళ్లకు మాత్రం జాగ్రత్త పడాలంది. సరేనన్నాడు. ఆ గొట్టం సంగతి తప్ప వేరే మాట రాలేదు. ఫోను పెట్టేశాడు.

వరండాలో నిలబడి మాట్లాడి లోపలికి వచ్చింది. మళ్లీ చేస్తాడంటావా అని అడిగాను.

"తెలీదు మేడమ్" అంది. బెల్లు కొట్టారు. చాక్‌పీసులు తీసుకుని క్లాసుకు వెళ్లింది.